చేయని తప్పుకు మన్నింపు

కిందటి వారం సుకుమారి టీచరమ్మను నెల్లూరు ఆసుపత్రి వరండాలో, మెడ స్కానింగ్ ఫలితం కోసం ఎదురుచూస్తుండగా వదిలేసి వచ్చాం. ఆమె అక్కడిదాకా ఎందుకు రావలసి వచ్చిందో నాలుగు ముక్కల్లో గుర్తుచేస్తాను. ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళకూ ఆ నాలుగు ముక్కలు చాలు.

ఉదయగిరి బాప్టిస్టు సంఘంలో కాగితం చూసి చదివే ప్రార్థనను ప్రార్థన అనరు. మాట గుండెలో ఊరి నోటికి రావాలి. సుకుమారికి అలా ఊరేది. మిషన్ బడిలో పంతులమ్మగా చేసి రిటైరయ్యాక ఆమెకు అదే పనైపోయింది. పిలిచిన ఇంటికల్లా వెళ్ళి ప్రార్థన చేసేది. మొగుడి తాగుడు, కూతురి కాన్పు, గట్టు తగాదా, ఏదైనా సరే ఆడవాళ్ళు ముందు ఆమె చెవిన వేసి, "ఇది ప్రార్థన అంశం టీచరమ్మా" అనేవాళ్ళు. అంశం అన్నారంటే అది ఆమెకూ దేవుడికీ మధ్య మాట. మూడో చెవికి పోకూడదు. వరికుంటపాడు నుంచి ఆటో కట్టించుకుని వచ్చి మరీ అంశాలు చెప్పుకుపోయినవాళ్ళున్నారు.

దేవకమ్మ కూడా ఒక అంశం చెప్పుకుంది. దేవకమ్మ నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. వారమంతా అక్కడే ఉండి ఆదివారానికి ఉదయగిరి వస్తుంది. ఆమె కూతురు సరళకు చిన్నప్పటి నుంచీ మూర్ఛలు. ఊళ్ళో మందుల షాపువాడికి కూడా తెలియకూడదని మాత్రలు నెల్లూరు నుంచే తెచ్చి మింగించేది. అంత గుట్టూ సుకుమారి ఒక్కదానికే చెప్పింది.

సరళకు ఆత్మకూరు సంబంధం ఖాయమైంది. పెళ్ళికొడుకు వాళ్ళింట్లో కుటుంబ ప్రార్థనకు సుకుమారి ఒక్కతే వెళ్ళి వచ్చింది. వారం తిరక్కుండా సంబంధం తప్పిపోయింది. "పిల్లకు మూర్ఛలంట గదా, మీ వాళ్ళే చెప్పినారు" అని కబురు. మీ వాళ్ళంటే ఎవరో వాళ్ళు చెప్పలేదు, అడగాల్సిన అవసరం దేవకమ్మకు కనిపించనూ లేదు. ప్రార్థనలో టీచరమ్మ నోరు జారిందని ఊరంతా తేల్చేసింది. సంఘ పెద్దలు కూర్చోబెట్టి అడిగితే సుకుమారి నోట మాట రాలేదు. తప్పు చేసినవాళ్ళ నోరే అలా కట్టుబడిపోతుందని వాళ్ళు అనుకున్నారు. గుళ్ళో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్లకు రావద్దన్నారు. అంశాలు చెప్పుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు ఆ వీధి మొగం చూడడం మానేశారు.

మాట రాకపోవడమే ఆమె జబ్బని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆమెకూ తెలియదు.

ఇంట్లో కూడా మాట తడబడడం మొదలయ్యాక కోడలు షైనీ ఆమెను నెల్లూరు తీసుకొచ్చింది. ఇక ఈ వారం సంగతి.

డాక్టరు మంచివాడే. వయసులో చిన్నవాడు, తొందరపెట్టే రకం కాదు. స్కానింగ్ చూడకముందే స్టెతస్కోపు సుకుమారి మెడ మీద పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత ఒక కాగితం మీద అంకెలు, అక్షరాలు చెల్లాచెదురుగా రాసి ఆమె ముందు పెట్టాడు.

"ఒకటి నుంచి అ కు, అ నుంచి రెండుకు, రెండు నుంచి ఆ కు. అలా గీత కలుపుకుంటూ పోండి మేడమ్."

ఎన్ని వందల మంది పిల్లల చేత ఆ అక్షరాలు దిద్దించిందో ఆమెకే తెలియదు. పెన్సిలు పట్టుకుని ఒకటి నుంచి అ కు గీసింది. అ నుంచి రెండుకు గీసింది. రెండు నుంచి మూడుకు గీసి ఆగిపోయింది. తప్పని తెలుస్తూనే ఉంది. ఏది ఒప్పో మాత్రం దొరకలేదు. పక్కన షైనీ కిటికీ వైపు మొహం తిప్పుకుంది. కోడలు తన కోసం సిగ్గుపడుతోందని గ్రహించే తెలివి మాత్రం సుకుమారికి నిక్షేపంలా ఉంది. జబ్బు అన్నీ తీసుకుపోతే ఒక బాధ, కొన్ని మిగిల్చి పోతే ఇంకో బాధ.

"పోనీలెండి. జంతువుల పేర్లు చెప్పండి. ఎన్ని గుర్తొస్తే అన్ని."

"ఆవు," అందామె. "బర్రె. మేక."

అక్కడ ఆగింది. ఉదయగిరి కొండ మీద కోతులు, వీధిలో కుక్కలు, ఎదురింటి వాకిట్లో గొర్రె పొట్టేలు, అన్నీ కళ్ళకు కనిపిస్తున్నాయి. ఒక్కదానికీ పేరు రావడం లేదు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఇద్దరు మనుషులు ఆమె నోటి వైపు చూస్తున్నారు.

ఇలాంటి నిశ్శబ్దం ఇంతకుముందొకసారి ఆమె చుట్టూ కమ్ముకుంది. ఎక్కడ? ఆత్మకూరులో. కొత్త సున్నం వాసన, పరిచిన చాపలు, తలలు వంచి కళ్ళు మూసుకున్న పెళ్ళివారు. "ప్రేమగల తండ్రీ" అని మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒక్క మాట రాలేదు. ఎంతసేపటికీ రాకపోతే ఒకరు దగ్గారు, ఒకరు కన్ను తెరిచి చూశారు. ప్రాణం మీదికొచ్చినట్టయి, "అందరం కలిసి పరలోక ప్రార్థన చెప్పుకుందాం" అని, అందరికీ కంఠతా వచ్చిన ఆ ప్రార్థన వెనక తప్పించుకుంది. ఇచ్చిన కాఫీ తాగి బస్సెక్కింది. ఆ అవమానాన్ని ఇంట్లో కూడా చెప్పుకోలేదు. పోనుపోను అసలా రోజంతా మనసులోంచి జారిపోయింది. ఊరంతా నువ్వే చెప్పావంటుంటే, ఏమో, చెప్పానేమోనని తనూ అనుకుంది.

చెప్పలేదు! ఆ రోజు అక్కడ ఆమె ప్రార్థనే చెయ్యలేదు. ఇక సరళ మాట ఎక్కడ ఎత్తుతుంది?

డాక్టరు ఎదుటే సుకుమారి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. పరీక్షలో ఓడిపోయినందుకు ఏడుస్తోందనుకుని ఆయన మంచినీళ్ళు ఇప్పించాడు.

స్కానింగ్ వచ్చాక ఆయన అన్ని విషయాలూ నెమ్మదిగా చెప్పాడు. "మెడలో రెండు పక్కలా పెద్ద రక్తనాళాలుంటాయి. మెదడుకు నెత్తురు పోయేది వాటిలోంచే. మీకు ఎడమ పక్కది లోపల కొవ్వు పేరుకుని బాగా సన్నబడిపోయింది. కుడి పక్కదీ కొంత. పక్షవాతం ఇంకా రాలేదు. మెదడు ఎక్కడా చచ్చిపోలేదు."

"మరి మాట?" అంది షైనీ. "మరుపు?"

"మీ ఊళ్ళో లో వోల్టేజీ వస్తుంది కదా. బల్బు వెలుగుతుంది. మోటారు మూలుగుతుంది గాని నీళ్ళెత్తదు. ఇదీ అంతే. మెదడులో ఒక మాట పుట్టాలంటే నాలుగు చోట్లు ఒకదాన్నొకటి పలకరించుకోవాలి. నెత్తురు చాలకపోతే ఏ చోటుకా చోటు బతికే ఉంటుంది, మధ్యలో పలకరింపులు తగ్గిపోతాయి. అందుకే ఆలోచన నెమ్మదిస్తుంది, ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మారడం కష్టమవుతుంది. జ్ఞాపకాలు కూడా కొన్ని తారుమారు కావచ్చు."

ఆ చివరి మాట గుర్తుంచుకోండి అని నేను చెప్పనక్కర్లేదు. షైనీ గుర్తుంచుకుంది.

ఆపరేషన్ చేసి నాళం లోపల శుభ్రం చెయ్యాలన్నాడు డాక్టరు. అది పెద్ద పక్షవాతం రాకుండా కాపాడడానికి. పోయిన మాట తిరిగొస్తుందా అంటే కొందరికి కొంత మెరుగవుతుంది, మాట ఇవ్వలేనన్నాడు. ఆపరేషన్ బల్ల మీదే పక్షవాతం వచ్చే ప్రమాదం కూడా కొద్దిగా ఉందని దాచకుండా చెప్పాడు. చేయించుకుంటానని సుకుమారి తల ఊపింది. ఆమె మనసు అక్కడ లేదు. ఆత్మకూరులో తాను పలకని ప్రార్థనను పట్టుకుని ఉంది.

దేవకమ్మ పనిచేసేదీ ఆ ఆసుపత్రిలోనే. థియేటర్లో వచ్చేవారం ఎవరెవరికి ఏ ఆపరేషనో చూస్తుంటే సుకుమారి పేరు కనపడింది. జబ్బు సంగతంతా కనుక్కుని, ఇంకా ఆసుపత్రిలోనే ఉన్న షైనీ దగ్గరికి నేరుగా వెళ్ళింది. ఇద్దరూ కారిడార్లో ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

అక్కడినుంచి పనులు చకచకా జరిగిపోయాయి. షైనీ ఆత్మకూరు దగ్గర ఏఎన్ఎమ్‌గా చేస్తుంది. మొగుడు సురేశ్‌బాబు లారీ మీద తిరుగుతుంటాడు కాబట్టి అత్త బాగోగులన్నీ ఆమె నెత్తినే. అత్త పేరు నలుగురిలో చెడిపోవడం ఆమెకు కడుపులో ముల్లులా ఉండేది. ఇప్పుడు దొరికిందొక దారి. పాస్టరుగారికి ఫోను చేసింది, స్త్రీల సమాజం గ్రూపులో పెట్టింది, కనపడిన ప్రతివాళ్ళకూ చెప్పింది. "మా అత్త కావాలని చెయ్యలా. మెదడుకు నెత్తురు అందక నోరు జారింది, అంతే." ప్రేమతో చేసిన పనే. ప్రేమతో వేసిన ముడి విప్పడం మహా కష్టం, లాగినకొద్దీ బిగుసుకుంటుంది.

ఇంకో పని కూడా చేసింది. డ్యూటీకి పోయేటప్పుడు గేటుకు తాళం వేయడం మొదలుపెట్టింది. డాక్టరు అలా చెప్పలేదు. "దారి తప్పి పోతావేమో అత్తా," అంది. పుట్టి పెరిగిన వీధిలో దారి తప్పడమేమిటని సుకుమారి అడగబోయేలోగా బస్సు హారన్ వినిపించింది.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు సుకుమారి పేరెత్తి, మన సహోదరి రోగంతో చేసిన తప్పును దేవుడూ, సంఘమూ మన్నించాలని ప్రకటించారు. అందరూ ఆమేన్ అన్నారు. ఆమె వెనక బెంచీలో కూర్చుని విన్నది. లేచి కాదని చెప్పాలనుకుంది. లేవడానికీ, మాట వెతుక్కోవడానికీ ఒకేసారి శక్తి చాల్లేదు. ఈలోపు పాట ఎత్తుకున్నారు.

మధ్యాహ్నం దేవకమ్మ వచ్చింది, క్యారేజీలో పలావు, కోడికూర సర్దుకుని. వెనకాలే సరళ. సుకుమారి ఆ ఇద్దరినీ వాకిట్లో చూసి నిజంగానే సంతోషించింది. పొద్దున్నించీ బియ్యం కడుగుతూ, గిన్నెలు తోముతూ ఆమె ఒక్క వాక్యం తయారుచేసుకుంటోంది. ఆ రోజు ఆత్మకూరులో నేను ప్రార్థనే చెయ్యలేదు. చిన్న వాక్యమే. పోకుండా పట్టుకుంది.

దేవకమ్మ క్యారేజీ కింద పెట్టీ పెట్టకముందే సుకుమారి రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నిన్ను నానా మాటలన్నాను. పెద్దలందరి ముందరా అన్నాను. ఇంత జబ్బు పెట్టుకోనుండావని నాకేం తెలుసు? ఇన్నేళ్ళ నుంచి నర్సు పని చేస్తా ఉండి కూడా కనిపెట్టలేకపోతిని. నా నోరు పడిపోను. మనస్ఫూర్తిగా చెప్తా ఉండా, నిన్ను మన్నించినాను."

"దేవకీ," అంది సుకుమారి. "నేను చెప్పలా."

"ఏంది?"

"ఆత్మకూరులో. నేను... ప్రార్థనే చెయ్యలా. నోరు రాలా ఆ రోజు. అందరినీ పరలోక ప్రార్థన చెప్పమన్నాను. కాఫీ తాగి వచ్చేసినాను."

చెప్పేసింది! ఒక్క మాట పోకుండా, వరస తప్పకుండా చెప్పింది. గుండె బరువు దిగినట్టయి దేవకమ్మ మొహంలోకి ఆశగా చూసింది.

దేవకమ్మ షైనీ వైపు చూసింది. షైనీ దేవకమ్మ వైపు చూసింది.

"సరేలే అక్కా," అంది దేవకమ్మ.

ఎదుటి మనిషి నోరు నొక్కడానికి తెలుగులో సరేలే అన్నంత మెత్తటి మాట ఇంకోటి లేదు. కాదంటే వాదించవచ్చు. అబద్ధం అంటే ఒట్టు పెట్టవచ్చు. సరేలే అన్నవాళ్ళను ఏం చేస్తాం?

"సరేలే కాదు. నిజం."

"నిజమే అత్తా, నీకట్టా గుర్తుండాది," అంది షైనీ, చిన్నపిల్లకు చెప్పినట్టు. "డాక్టరు చెప్పినాడు గదా, జ్ఞాపకాలు తారుమారవుతాయని. నువ్వు కావాలని చేసినావని ఎవరూ అనటంలా. ఇప్పుడెవురికీ నీ మీద కోపం లేదు."

"వాళ్ళనడగండి. ఆత్మకూరోళ్ళను."

"ఆ గడప నేను తొక్కను," అంది దేవకమ్మ. గొంతులో పాత మంట ఒక్కసారి పైకి లేచి, మళ్ళీ అణిగింది. "నా బిడ్డను వద్దన్నోళ్ళ దగ్గరికి పోయి, మా టీచరమ్మ ప్రార్థన చేసిందా లేదా అని అడిగేదా? పోయినోళ్ళు పోయినారు. మర్రిపాడు నుంచి ఇంకో సంబంధం వస్తా ఉండాది. మంచోళ్ళు, పిల్లోడికి..."

అక్కడ టక్కున ఆపేసింది. నాలుక కరుచుకుని, సుకుమారి చెయ్యి మీద తట్టింది. "నువ్వేమీ అనుకోబాకక్కా. ఇది నీకు అంశంగా చెప్పటంలా. నీకిప్పుడు ఎందుకు ఈ బరువులన్నీ."

పెద్దలు బల్లకు రావద్దన్నప్పుడు కూడా సుకుమారికి ఇంత నొప్పి పుట్టలేదు. అప్పుడు ఆమె తప్పు చేసిన మనిషి. తప్పు చేసిన మనిషి మాటకు ఎంత చెడ్డా ఒక విలువుంటుంది, ఒప్పుకుంటుందా లేదా అని నలుగురూ చెవులొగ్గుతారు. ఇప్పుడామె జబ్బు మనిషి. అవునంటే జబ్బు వల్ల చేసిందంటారు. కాదంటే అదీ జబ్బేనంటారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ రెంటి మధ్యా ఆమెను మెత్తటి దిండు వేసి కూర్చోబెట్టి అన్నం వడ్డిస్తున్నారు.

కోపం వచ్చింది. చాలా కోపం వచ్చింది. ఎంత వస్తే అంతగా మాటలు చెదిరిపోయాయి. "మీరు... నన్ను... అది కాదు..." అంటూ లేచి వాకిలి వైపు రెండడుగులు వేసింది. ఎక్కడికని ఆమెకూ తెలియదు. బహుశా వీధిలోకి పోయి, కనపడిన మొదటి మనిషికి చెప్పాలనుకుందేమో. షైనీ గబుక్కున వచ్చి భుజాలు పట్టుకుంది.

"లేవబాకత్తా, తల తిరుగుతాది. చూడు ఎట్టా వణుకుతా ఉండావో."

"పాపం," అంది దేవకమ్మ, కళ్ళొత్తుకుంటూ.

మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టారు. పలావు చల్లారిపోయింది. అంతలో డాక్టరు దగ్గర్నుంచి దేవకమ్మకు ఫోను వచ్చింది. ఇంట్లో సిగ్నలు అందక మాట ముక్కలు ముక్కలుగా వస్తుంటే, ఆపరేషన్ సంగతే అయ్యుంటుందని షైనీని కూడా పిలుచుకుని మిద్దె మీదికి వెళ్ళింది.

సరళ మాత్రం కదల్లేదు. వచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల వంటింటి గడప మీద కూర్చుని, నోరు విప్పితే ఒట్టు. ఆమె చెక్క గరిటెల సెంటర్లో పని చేస్తుంది. ఎప్పుడు మూర్ఛ వస్తుందోనన్న భయంతో తల్లి ఆమెను ఉలి ముట్టనివ్వదు. తోటివాళ్ళు చెక్కిన గరిటెలను గరుకు కాగితంతో రుద్ది నున్నగా చెయ్యడమే ఆమె పని. మిద్దె మెట్ల మీద అడుగుల చప్పుడు పైకి పోయాక లేచి వచ్చి సుకుమారి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"పెద్దమ్మా, నువ్వు చెప్పలా. నాకు తెలుసు."

సుకుమారి ఆమె వైపు చూసింది.

"నేనే చెప్పినాను," అంది సరళ.

ఆ మాట లోపలికి చేరడానికి కొంతసేపు పట్టింది. ఈ మధ్య ఏ మాటకైనా అంత సేపూ పడుతోంది. చేరాక మాత్రం సుకుమారికి ఒళ్ళంతా తేలికైపోయింది. తన బుర్ర అబద్ధం చెప్పలేదు. ఆత్మకూరు, సున్నం వాసన, ఆగిపోయిన నోరు, అంతా నిజమే. చాలారోజుల తర్వాత తన మీద తనకు నమ్మకం కలిగింది.

"ఆ అబ్బాయికి నేనే ఫోన్ చేసి చెప్పినాను పెద్దమ్మా. పెళ్ళయినాక ఒకరోజు అన్నం తింటా తింటా పడిపోతే మోసం చేసినారని అంటారు గదా. ముందే చెప్తే ఉంటే ఉంటాడు, పోతే పోతాడు అనుకున్నాను. అతను ఉంటానన్నాడు. వాళ్ళమ్మకు చెప్పినాడు. ఆమె వద్దనేసింది."

"ఇన్నాళ్ళూ..." సుకుమారి మాటలు కూడదీసుకుంది. "ఎందుకే నోరు మూసుకోనుండావు? నన్ను... బల్ల నుంచి..."

"భయమేసింది. పెద్దలు అడిగినప్పుడు నువ్వు లేదంటావు, గొడవ అంతటితో తెగిపోతాదనుకున్నాను. నువ్వు గమ్మునుండిపోయినావు. ఆనాక నాకు నోరు లేవలా." పిల్ల ఏడుపు మొదలుపెట్టింది, చప్పుడు చెయ్యకుండా.

సుకుమారికి ఆ చెంప మీద ఒక్కటివ్వాలనిపించింది. అంతలోనే ఆ తల దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. "మీ అమ్మను పిలువు. ఇప్పుడే చెప్పు."

"వద్దు పెద్దమ్మా!" సరళ ఆమె మోకాళ్ళు పట్టేసుకుంది. "మర్రిపాడోళ్ళకు కూడా చెప్పబోతా ఉండా నేను. చెప్పకుండా పెళ్ళి చేసుకోను. అమ్మకు తెలిసిందంటే ఫోను లాక్కుంటాది, పని మాన్పిస్తాది, పెళ్ళి అయిందాకా గదిలో పెట్టి గొళ్ళెమేస్తాది. తప్పు నీ మీదకే పోయిందంటే నిన్ను ఎవురూ ఏమీ అనరు గదా. జబ్బని మన్నించేసినారు గదా."

వయసులో ఉన్నవాళ్ళు ఇంత కటువైన మాట ఇంత అమాయకంగా అనగలరు. అందులో అబద్ధం లేదు. లెక్క ప్రకారం చూస్తే సుకుమారికి పోయేదేమీ లేదు, పోవలసింది ఎప్పుడో పోయింది. తాళం వేసిన గేటు లోపల కూర్చున్న ఆమెకు గొళ్ళెం అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు కూడా.

సరళ ముక్కు తుడుచుకుని, గరుకు తేలిన చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. "నీకిది ప్రార్థన అంశంగా చెప్తా ఉండా పెద్దమ్మా."

సుకుమారి ఇంకేం చేస్తుంది? ఈ ఇంటి గడపలో ఆ మాట వినపడి ఎన్నాళ్ళయిందో. ఊరు ఊరంతా ఆమె నోరు చిల్లుల తట్ట అనుకుంటుంటే, ఒక్క పిల్ల వచ్చి ఇంకా ఇందులో మాట నిలుస్తుందని నమ్మింది. ఆ నమ్మకం కోసమే ఆమె బతుకంతా బతికింది. దాన్ని కాపాడితే తన పేరు శాశ్వతంగా పోతుంది. కాపాడకపోతే, ఊరు ఆమె గురించి అన్నది మొదటిసారి నిజమవుతుంది.

ఆమె సరళ అరచేతిలో చెయ్యి వేసింది. "ఎవురికీ చెప్పను," అంది. మాట ఎక్కడా తడబడలేదు.

మిద్దె మెట్లు దిగుతూ దేవకమ్మ గొంతు ముందు వచ్చింది, మనిషి తర్వాత వచ్చింది. "డేటిచ్చినారక్కా! మంగళవారం పొద్దున్నే. రేపు సాయంత్రానికి వచ్చి చేరమన్నారు." సరళ అప్పటికే లేచి క్యారేజీ గిన్నెలు సర్దుతోంది.

"ఇంకో సంగతి. నీకు పూర్తి మత్తు ఇవ్వరంట. మెడ దగ్గర మొద్దుబారేదానికి మాత్రం సూదులేస్తారు. ఆ నాళంలో నెత్తురు కాసేపు ఆపి, లోపల శుభ్రం చేస్తారు. ఆ సేపంతా నువ్వు మెలకువగా ఉండి మాట్లాడతానే ఉండాల. మాట తడబడిందంటే బుర్రకు నెత్తురు చాలటంలేదని దాన్ని బట్టే సారుకు తెలిసేది. వెంటనే లోపల చిన్న గొట్టం పెట్టి నెత్తురు పంపిస్తారు. మాట్లాడకుండా గమ్మునున్నావంటే ప్రాణానికే మోసం."

"అంతసేపు ఏం మాట్లాడతాది ఆమె?" అంది షైనీ భయంగా. "ఇంట్లోనే మాట రాదే."

"అందుకే గదా! పక్కన కూర్చోని మాట్లాడించేదానికి ఒక మనిషి ఉండాల. సారును బతిమాలి ఆ డ్యూటీ నేనే వేయించుకున్నా. పరాయోళ్ళయితే భయపడతావు, నేనయితే ఇంటి మనిషిని." దేవకమ్మ మొహం వెలిగిపోతోంది. చేసిన అన్యాయానికి ఇంతకంటే మంచి పరిహారం దొరకదని ఆమెకు నిజంగానే అనిపించింది. "నేను అడగతా ఉంటా, నువ్వు చెప్తా ఉండు. దాచేదేమీ పెట్టుకోబాక. మాట ఆపి ఆలోచించినావంటే సారు కంగారుపడతాడు. ఏది నోటికొస్తే అది చెప్పేసెయ్యాల."

సరళ చేతిలో గిన్నె మూత జారి కింద పడి, గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

"ఆత్మకూరు నుంచే మొదలుపెడదాంలే అక్కా," అంది దేవకమ్మ, ఆ చప్పుడు వైపు చూడకుండానే. "అది నీ మనసులో అట్టా అడ్డం పడి ఉండాది గదా. ఆ రోజు ఎవురెవురుండారు, నువ్వేమన్నావు, నువ్వు కాకపోతే ఇంకెవురు చెప్పుంటారు, అన్నీ నిదానంగా అడగతా. నీకూ బరువు దిగిపోతాది."

ఇంకో నర్సును పెట్టమని చెప్పాలి. సుకుమారికి ఆ సంగతి స్పష్టంగా తెలుసు. ఏం చెప్పాలో తెలుసు, ఎందుకు చెప్పాలో తెలుసు, ఇప్పుడు చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. నోరు తెరిచింది. ముగ్గురూ ఆమె వైపు చూశారు. సరళ చూపులో ప్రాణమంతా ఉంది. సుకుమారి నాలుక మీద ఒక్క మాట కూడా లేదు.

దేవకమ్మ కొంచెంసేపు ఆగి చూసింది. ఆ మౌనాన్ని ఒప్పుకోలనుకుని ఆమె తల నిమిరి, నెల్లూరు బస్సుకు టైమవుతోందని లేచింది.